సున్నా గంటల పని

కిందటి వారం మనం పెద్దకోడలిని పాలకేంద్రం గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఒక చేతిలో ఖాళీ క్యాను, రెండో చేతిలో దాని మూత. లోపల మీటింగు. పిలుపు మగవాళ్ళకే వెళ్ళింది. ఆమెని ఎవరూ రమ్మనలేదు, అలాగని పొమ్మనే ధైర్యమూ ఎవరికీ చాలలేదు.

ఎందుకు వచ్చిందో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దాణా బస్తా మీద ప్రభుత్వం ఇస్తున్న సబ్సిడీ వచ్చే నెల నుంచి ఆగిపోతుంది. దీనికి సంస్కరణ అని పేరు పెట్టారు. ఆవుల్ని మేపుకునేవాడికి సాయం ఉండదు గానీ, అమ్మేసి కొట్టం ఖాళీ చేసినవాడికి 'మార్పు సాయం' అని ఒకటి ఇస్తారట. ఇంకోపక్క సముద్రం అవతలి దేశంతో వ్యాపార ఒప్పందం నడుస్తోంది. అందులో పాలు రక్షణ జాబితాలో ఉంటే సరే, లేకపోతే వాళ్ళ పాలపొడి సుంకం లేకుండా దిగుతుంది. మన బృందం ఆ జాబితా పట్టుకుని ఎల్లుండి మధ్యాహ్నం విమానం ఎక్కుతుంది. ఇవన్నీ పేపర్లో చదివిన మామగారు ఇంట్లో ఎవరితోనూ అనకుండా, ఆరు ఆవుల్నీ తోలుకుపొమ్మని పశువుల బేరగాడికి కబురు పెట్టారు. లారీ రేపు పొద్దున వస్తుంది. ఆ సంగతి పెద్దకోడలికి తెలిసింది మామగారి నోటి నుంచి కాదు, బేరగాడి ఫోను వల్ల. ఆ ఆరింటిలో నాలుగు ఆమె చేతుల్లో పుట్టినవే.

అందుకని ఆమె లోపలికి వెళ్ళి, చివరి బెంచీ మీద కూర్చుంది.

హాలంటే పెద్ద హాలేం కాదు. పొద్దున పాలు పోసే పొడుగాటి గది. క్యాన్లు బయటికి తోసి, నేల కడిగి, బెంచీలు వేస్తే అదే హాలు. ఎంత కడిగినా మూలల్లో పులిసిన పాల వాసన పోదు. ఎదురుగోడకి తెల్ల దుప్పటి కట్టి, దానిమీద పట్టీలూ బొమ్మలూ పడేలా ఒక మిషను పెట్టారు. పక్కన అద్దాల గదిలో టెస్టరమ్మ వెన్నశాతం చూసే గొట్టాలు కడుగుతోంది. చేతులు అక్కడున్నాయి గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, పాలసంఘం అధ్యక్షుడి హోదాలో మామగారు. పందొమ్మిదేళ్ళ నుంచి ఆ కుర్చీ ఆయనదే.

మాట్లాడుతున్నది రాజధానిలో పాడి శాఖ నుంచి వచ్చిన డిప్యూటీ సారు. ఆయన దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది. కాదు. నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు, ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పడని మనిషి. అటువంటివాడి నోటితోనే అటువంటి మాటలు చెప్పిస్తారు, వినేవాళ్ళకి కోపం రాకుండా.

"ఇంత తక్కువ ఖర్చుతో లీటరు పాలు తీసే రైతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేడు. ఆ రైతు ఎవరో కాదు. మీరే," అన్నాడాయన.

చప్పట్లు మోగిపోయాయి. మామగారు మీసం సవరించుకున్నారు. పొగడ్తకి కడుపు నిండుతుందేమో గానీ ఆవు గాడి నిండదని ఆ నిమిషాన ఎవరికీ తోచలేదు.

ఆ ఊపులోనే డిప్యూటీ సారు మిగతాది చెప్పేశాడు. ఇంత చవగ్గా తీసేవాళ్ళకి సబ్సిడీ ఎందుకు, రక్షణ ఎందుకు అని పైవాళ్ళు ఆలోచించారట. అందుచేత పాలని రక్షణ జాబితాలోంచి తీసేశారట. చప్పట్లు కొడుతున్న చేతులు కొన్ని అలా గాల్లోనే ఆగిపోయాయి. మనవే అంత చవకైతే వాళ్ళ పొడి మన పాలకన్నా తక్కువకి ఎలా వస్తోందని ఎవరో అడిగారు. అక్కడి ప్రభుత్వం సాయం చేస్తుందని, ఒప్పందం కుదిరితే ఎనిమిదేళ్ళలో మెల్లమెల్లగా తగ్గించుకుంటుందని సమాధానం వచ్చింది. అయితే ఎనిమిదేళ్ళు మన ఆవులు గాలి భోంచేయాలన్నమాట అని వెనకనుంచి ఒకాయన అంటే నవ్వారు గానీ ఆ నవ్వులో పస లేదు.

అప్పుడు పెద్దకోడలు లేచింది. ఇందాకటి ఖర్చుల పట్టీ మళ్ళీ ఒకసారి దుప్పటి మీద వెయ్యమని అడిగింది. ఆయన వేశాడు.

దాణా ఉంది, మందులున్నాయి, కరెంటు ఉంది, కొట్టం మరమ్మతు ఉంది. కూలివాళ్ళ పని అన్న గడిలో సున్నా. అది నిజమే, ఇక్కడెవరూ కూలివాళ్ళని పెట్టుకోరు. దానికింద ఇంకో గడి ఉంది. ఇంటివాళ్ళ పని, రోజుకి గంటల్లో. అందులోనూ సున్నా.

"ఆ రెండో సున్నా ఎవరిది సార్?"

ఇదే కేంద్రానిదని ఆయన చెప్పాడు. దేశం మొత్తానికి నమూనాగా ఈ కేంద్రాన్నే తీసుకున్నారట. అరవై రెండిళ్ళని అడిగితే అరవై రెండిళ్ళూ అదే చెప్పాయట. ఇంత కచ్చితంగా ఒకే మాట మీద నిలబడ్డ కేంద్రం తన సర్వీసులో చూడలేదని కూడా అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే.

పెద్దకోడలు క్యాను కింద పెట్టింది. ఆ చప్పుడికి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆమె గొంతు పెంచలేదు. తను పొద్దున నాలుగున్నరకి లేస్తానంది. పేడ తీసి కొట్టం కడిగేసరికి ఒక గంట, ఆరు ఆవుల పాలూ పిండేసరికి ఇంకో గంటా పావు అంది. తర్వాత క్యాను మోసుకొచ్చి ఇదే గదిలో వరసలో నిలబడడం, గడ్డి కోసి మోపు కట్టి తేవడం, ఆవుల్ని కడిగి నీళ్ళు పెట్టడం, సాయంత్రం మళ్ళీ మొదటినుంచీ మొదలు. చెబుతూ చెబుతూ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పూర్తిగా మడతపడలేదు. పదకొండేళ్ళు పాలు పిండిన చెయ్యి అది. టెస్టరమ్మ గొట్టాలు కడగడం ఆపేసింది.

డిప్యూటీ సారు ఓపిగ్గానే విన్నాడు. "మేం అడిగామమ్మా. ఆ గడి కాగితంలో ఉంది. మీవాళ్ళు ఏం చెప్పారో అదే రాశాం," అన్నాడు.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పినవాళ్ళే తమని తాము లోకువ చేసుకున్నారు. అది బయటపెట్టింది టెస్టరమ్మ. ప్రతి సర్వే కాగితానికీ ఒక నకలు కేంద్రం బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆమె నడుముకి ఉంటుంది. ఎవరూ అడక్కుండానే బీరువా తీసి, కట్ట విప్పి, ఒక కాగితం తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టింది. "మీ ఇంటిదే అక్కా. చదువు," అంది.

చదివింది. సున్నా పక్కన వివరం రాయమన్న చోట ఇలా ఉంది: ఇంటి ఆడవాళ్ళు తీరిక వేళల్లో చూసుకుంటారు, పని అంటూ ఏమీ లేదు. కింద మామగారి సంతకం. ఆ సంతకం చివర ఆయన తిప్పే పెద్ద సున్నా లాంటి చుట్టతో సహా.

 మామగారు లేచి నిలబడ్డారు. ఆయనకి తప్పు చేశానన్న భావం ఏ కోశానా లేదు, కోడలు నలుగురిలో నిలదీసిందన్న బాధే ఉంది.

"మరేం రాయించమంటావమ్మాయ్? నా ఇంటి ఆడవాళ్ళు పాలేరు పని చేస్తున్నారని గవర్నమెంటు కాగితానికి ఎక్కించమంటావా? పరువున్న ఇల్లు మనది."

మిగతా తలలు అవునన్నట్టు ఊగాయి. మిగతా అరవై ఒక్క ఇళ్ళలోనూ జరిగింది అదే. సర్వేవాడు అడిగాడు, ఇంటాయన వరండాలో కుర్చీలో కూర్చుని మీసం దువ్వాడు, మా ఆడవాళ్ళకేం పని అన్నాడు. అదే సమయానికి ఆ ఇంటావిడ పెరట్లో పేడతట్ట ఎత్తుతూ ఉండి ఉంటుంది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె కావాలి. చేయించుకోవడానికి లేని సిగ్గు చెప్పుకోవడానికి వచ్చింది వీళ్ళకి. నాకు ఒళ్ళు మండుతోంది, కథ చెప్పేవాళ్ళకి ఇంత కోపం ఉండకూడదని తెలిసినా.

పెద్దకోడలు ఆయన్ని వదిలేసి డిప్యూటీ సారు వైపు తిరిగింది.

"మావాళ్ళు పరువు కోసం అబద్ధం చెప్పారు. మీరెందుకు నమ్మారు సార్? మా ఇంట్లో రోజుకి నలభై లీటర్లు. అవి వాటంతటవే క్యానులోకి దూకుతున్నాయా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె వదల్లేదు. అవతలి దేశంవాళ్ళ పట్టీలో కూడా ఆ గడి ఉందా, ఉంటే అందులో ఎంతుందని అడిగింది. అది చర్చల కాగితమని, బయటికి చెప్పకూడదని ఆయన అన్నాడు. సున్నా అయితే చెప్పేవారు కదా అని అద్దాల గదిలోంచి టెస్టరమ్మ అంది.

అప్పుడిక ఆయన చెప్పాడు. సున్నా కాదు. అక్కడ రైతు గంటలు రాస్తారు, రైతు భార్య గంటలు రాస్తారు, పశువుల డాక్టరుకి ఫోను చేసి ఎదురుచూసిన అరగంట కూడా రాస్తారు. ఆ గంటలకి ఇంతని కట్టి, పాల ధర అందుకోలేకపోతే ఆ లోటు వాళ్ళ ప్రభుత్వం పూడుస్తుంది. కాబట్టే వాళ్ళ పొడి చవక.

అంటే ఏమైందో చూడండి. వాళ్ళది చవగ్గా ఉన్నది మనిషి పనికి ఇంకొకరు కడుతున్నారు గనక. మనది చవగ్గా ఉన్నది మనిషి పనికి ఎవరూ ఏమీ కట్టడం లేదు గనక. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి, సరిసమానమైన పోటీ అని చెప్పి, ఓడిపోయినవాణ్ణి ఆవుల్ని అమ్ముకోమంటున్నారు. ఈ న్యాయానికి సూటూ బూటూ తొడిగి విమానం ఎక్కిస్తున్నారు.

"ఆ సున్నా అసాధ్యమని నేనొక నోటు రాశానమ్మా," అన్నాడు డిప్యూటీ సారు, గొంతు తగ్గించి. "ఒప్పందానికి అనుకూలంగా ఉన్న అంకె, కదపొద్దని తిరిగొచ్చింది. మళ్ళీ రాయలేదు. అది నా తప్పే."

దారి ఒకటి లేకపోలేదని కూడా ఆయనే చెప్పాడు. నమూనా కేంద్రం అధ్యక్షుడు, కాగితాలు తప్పుగా నింపామని ఒప్పుకుంటూ సంతకం పెట్టి, సరైన గంటలు రాసిస్తే, ఎల్లుండి మధ్యాహ్నం లోపు అది చేరితే, మళ్ళీ విచారణ అయ్యేదాకా పాలని జాబితాలోంచి తియ్యడానికి వీల్లేదు. ఆ నియమం పుస్తకంలో ఉందిగానీ ఇంతవరకు ఎవరూ వాడలేదు.

అందరూ మామగారి వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపారు. తను చేవ్రాలు చేసినదాన్ని తనే తప్పనడం ఈ జన్మలో జరగదన్నారు. "చూసుకోవడం వేరు, పని వేరు. ఆడవాళ్ళు చూసుకుంటారు. అంతే."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పెద్దకోడలికి ఇల్లూ రచ్చా ఒకేచోట ఎదురయ్యాయి. ఆమె నేలమీద పెట్టిన క్యాను తీసి, నడిచి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా ముందు నిలబడింది.

"పని కాదు కదా మామయ్యా. అయితే ఇవాళ సాయంత్రం మీరే చూసుకోండి."

అరవై ఒక్కమంది చూస్తుండగా ఆ క్యాను పుచ్చుకోక తప్పలేదాయనకి. డిప్యూటీ సారు కారు పక్క కేంద్రానికి సామాను దింపడానికి వెళ్ళింది, ఆరింటికి గానీ రాదు. అందాకా ఇక్కడ ఖాళీగా కూర్చునే బదులు గడియారం పట్టుకుని మీరూ రండి సార్ అని టెస్టరమ్మ పిలిచింది. తెల్ల కాగితం ఒకటి మడిచి జేబులో పెట్టుకుని ఆయనా వచ్చాడు.

నాలుగు గంటలకి కొట్టం ముందు చిన్న జనం చేరింది. అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ వేళప్పుడు ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు. చూపు మాత్రం దాణా నానబెట్టే తొట్టి మీదే ఉంది. పెద్దకొడుకు పాలవ్యాను ఆపుకుని వచ్చి, నాన్న చేతిలో పార చూసి గోడకి ఆనుకున్నాడు.

మామగారికి పేడ ఎత్తడానికే ముప్పావుగంట పట్టింది. తర్వాత చెంబు పట్టుకుని, మొండిది అని పిలిచే మచ్చల ఆవు కింద కూర్చున్నారు. ఒక్క చుక్క రాలేదు. ముక్కాలిపీట ఊగుతోందన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని వెనక ఎవరో గొణిగారు.

"ముందు దూడని వదలాలి. లేకపోతే అది చేపదు, పాలు దిగవు," అంది అత్తగారు, ఎటో చూస్తూ.

దూడ ఎక్కడ కట్టి ఉంటుందో ఆయనకి తెలియదు. కొడుకు చూపించాడు. దూడ నాలుగు గుక్కలు తాగాక ఆవు చేపింది గానీ, కొత్త చెయ్యి తగలగానే మళ్ళీ బిగబట్టింది. బతిమాలారు, అదిలించారు, మళ్ళీ బతిమాలారు. సగం నిండిన చెంబుని మొండిది ఒకసారి తన్నేసింది కూడా. మళ్ళీ మొదలుపెట్టారు. డిప్యూటీ సారు గడియారం చూసి నలభై నిమిషాలన్నాడు. చెంబులో పాలు సగానికి కాస్త కింద ఉన్నాయి.

మామగారు లేవబోయారు, నడుం లేవనివ్వలేదు. కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నారు. గుప్పిట బిగియడం లేదు. ఆ చేతిని చూసి, పక్కనే గుంజ పట్టుకుని నిలబడ్డ కోడలి చేతిని చూశారు. మడతపడని ఆ రెండు వేళ్ళు ఇన్నేళ్ళుగా ఆయనకి అన్నం వడ్డిస్తూనే ఉన్నాయి.

"ఇంకెన్ని?" అన్నారు.

"అయిదు," అంది పెద్దకోడలు.

డిప్యూటీ సారు కాగితం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. సంఘం పేరు రాశాడు, అధ్యక్షుడి పేరు రాశాడు. ఇంటివాళ్ళ పని, రోజుకి ఎన్ని గంటలు అని చదివి, కలం ఎత్తి ఎదురుచూశాడు. మామగారు కోడలి వైపు చూశారు, కట్టేసి ఉన్న ఆవుల వైపు చూశారు.

"నాకు తెలీదు బాబూ," అన్నారు చివరికి. "పందొమ్మిదేళ్ళు పాలసంఘానికి అధ్యక్షుణ్ణి. నాకు తెలీదు. మా కోడల్ని అడిగి రాసుకోండి."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను.

"నావి ఎనిమిది. అత్తయ్యవి రెండు," అంది పెద్దకోడలు. ఆయన పది అని రాశాడు. మామగారు ఇస్త్రీ చొక్కాకే చెయ్యి తుడుచుకుని, కలం అందుకున్నారు.

సరిగ్గా అప్పుడు వీధిలో హారను మోగింది. రేపు రావాల్సిన లారీ ఇవాళే వచ్చింది. పశువుల బేరగాడు దిగి, సారు కూడా ఇక్కడే ఉన్నారు మంచిదైంది, ఆవులు ఎక్కించినట్టు దీనిమీద రాసిస్తే చాలంటూ ఒక కాగితం చాపాడు. దూరం బేరం తగిలిందట, ఇవాళే ఎక్కించుకుపోతాడట. డిప్యూటీ సారు ఆ కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది మీరు ఎప్పుడు పెట్టారు?" అని మామగారిని అడిగాడు.

మార్పు సాయం కోసం పెట్టిన దరఖాస్తు అది. నాలుగు రోజులైందన్నారు మామగారు. బేరగాడే రాయించాడని, తను చివర సంతకం చేశానని చెప్పారు.

డిప్యూటీ సారు ఆయన చేతిలోంచి కలం మెల్లగా తీసుకుని మూత పెట్టాడు. ఈ దరఖాస్తు పడిన రోజు నుంచి నియమాల ప్రకారం ఆయన పాడి రైతు కాదట. పాడి రైతు కానివాడు సంఘానికి అధ్యక్షుడు కాలేడట. ఇప్పుడు ఆయన ఎన్ని సంతకాలు పెట్టినా చెల్లవట.

"నాలుగు రోజుల నుంచి ఈ ఇంట్లో పాడి రైతంటూ ఎవరూ లేరమ్మా," అన్నాడాయన పెద్దకోడలితో, క్షమాపణ అడుగుతున్నట్టు.

బయట లారీ వెనక తలుపు గొలుసులు తీసి కిందికి వదిలారు. ఆ చప్పుడికి మొండిది బెదిరింది, వేళ దాటిపోయి పొదుగులు బిగిసిన మిగతా అయిదూ ఒక్కసారి అరవడం మొదలుపెట్టాయి. పెద్దకోడలు చెంబు కడిగి, రెండో ఆవు కిందికి పీట జరుపుకుని, కూర్చుంది.

"అయితే ఈ నాలుగు రోజులూ ఇక్కడ పాలు తీసిందెవరో, ఆ గంటల కాగితంలో అదైనా రాయండి సార్," అంది.